ట్రాక్టరు ఇంజిన్‌లో రాకర్ ఆర్ముల అరుగుదల, తయారీ తేడాలు: నిర్ధారణ పద్ధతులు

దాళ్వా దమ్ములు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక రైతు తన ట్రాక్టరు విషయమై సలహా కోరుతూ వచ్చారు. మూడు సిలిండర్ల ఇంజిన్. హెడ్ పైభాగం నుంచి టిక్ టిక్ మనే మోత ఆగకుండా వస్తోంది. "ఒక్క పంటకాలంలోనే మూడుసార్లు ట్యాపెట్లు సెట్ చేయించాను సార్. సెట్ చేసిన రోజు కూడా మోత పోవడం లేదు. ఇప్పుడు హెడ్ దించాల్సిందే అంటున్నారు" అని ఆయన వాపోయారు. హెడ్ దించితే ఖర్చు ఒక ఎత్తు. దమ్ముల సమయంలో నాలుగైదు రోజులు బండి షెడ్డులో ఉండిపోవడం మరొక ఎత్తు. సొంత పొలంతో పాటు నలుగురి పొలాలు అద్దెకు దున్నే రైతుకు ఆ రోజులు మళ్లీ రావు.

వాల్వు కవరు తీసి ఫీలర్ గేజితో చూస్తే ఆరు వాల్వుల సందూ మాన్యువల్‌లో చెప్పినట్లే ఉంది. మెకానిక్ తన పని తాను సక్రమంగానే చేశారు. అయినా రెండవ సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర మోత స్పష్టంగా వినిపిస్తోంది. కొలత సరిగా ఉండి మోత కూడా ఉన్నదంటే, కొలిచిన పద్ధతినే అనుమానించవలసి ఉంటుంది. ఆ అనుమానం రాకర్ ఆర్ము దగ్గరకు దారి తీసింది. విస్తరణ శాస్త్రవేత్తలకు, వ్యవసాయ ఇంజనీరింగు విద్యార్థులకు క్షేత్రస్థాయిలో ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ పరిశీలనను ఇక్కడ వివరంగా ఇస్తున్నాము.

రాకర్ ఆర్ము పనితీరు

రాకర్ ఆర్ము ఒక తులాదండం వంటిది. మధ్యలో షాఫ్టుపై ఊగుతుంది. ఒక చివర పుష్‌రాడ్డు కింది నుంచి నెడుతుంది. రెండవ చివర వాల్వు కాడను కిందికి నొక్కుతుంది. పుష్‌రాడ్డు వైపు సర్దుబాటు స్క్రూ, దాని లాక్ నట్టు ఉంటాయి. వాల్వు కాడను తాకే చివర కొద్దిపాటి వంపుతో, గట్టిపరచిన ఉపరితలంతో ఉంటుంది. ఈ వ్యాసంలో దానిని ముక్కు అని వ్యవహరిస్తాము.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో ప్రతి వాల్వూ క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి ఒకసారి తెరుచుకుంటుంది. నిమిషానికి 1500 చుట్ల వేగంలో ఒక్కొక్క రాకర్ ఆర్ము నిమిషానికి 750 సార్లు, గంటకు 45 వేల సార్లు ఊగుతుంది. వెయ్యి గంటల పనికి ఇది 4.5 కోట్ల సార్లు అవుతుంది. ప్రతిసారీ వాల్వు స్ప్రింగు బలమంతా ముక్కు కింద సన్నని గీత వంటి చోటనే పడుతుంది. ఉపరితలం తగినంత గట్టిగా లేకపోయినా, నూనె సకాలంలో అందకపోయినా, ఈ సంఖ్యే దానిని అరగదీస్తుంది.

షాఫ్టు నుంచి ముక్కు వరకు ఉన్న దూరాన్ని, షాఫ్టు నుంచి పుష్‌రాడ్డు స్క్రూ వరకు ఉన్న దూరంతో భాగిస్తే వచ్చేది రాకర్ నిష్పత్తి. క్యామ్ ఎత్తును ఈ నిష్పత్తితో గుణించి, అందులో నుంచి సందును తీసివేస్తే వాల్వు సీటు నుంచి కదిలే దూరం, అంటే లిఫ్టు, వస్తుంది. ఈ చిన్న లెక్కను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. సర్దుబాటు స్క్రూ మార్చగలిగేది సందును మాత్రమే. నిష్పత్తిని అది మార్చలేదు. ఆరు వాల్వుల సందూ సమానంగా ఉన్నంత మాత్రాన ఆరు వాల్వులూ సమానంగా తెరుచుకుంటున్నాయని అర్థం కాదు. స్క్రూ తిప్పి సందు సరిచేసిన ప్రతిసారీ ముక్కు అరుగుదల, క్యామ్ అరుగుదల, తయారీలో వచ్చిన తేడా అన్నీ ఆ ఒక్క అంకె వెనుక దాగిపోతాయి.

ఫీలర్ గేజి చెప్పని విషయం

సాధారణంగా ముక్కు వెడల్పు వాల్వు కాడ వెడల్పు కన్నా ఎక్కువ. అందువల్ల ముక్కు అరిగేటప్పుడు కాడ తాకిన మేరకే గుంట పడుతుంది. రెండు పక్కలా అరగని అంచులు గట్లలాగా మిగులుతాయి. ఫీలర్ గేజి రేకు చదునైనది, కాడ కన్నా వెడల్పైనది. దానిని సందులోకి దూర్చినప్పుడు అది ఆ రెండు గట్ల మీద ఆనుకొని గుంటపై వంతెనలాగా నిలుస్తుంది. రేకు మందం 0.30 మిల్లీమీటర్లు అయితే కొలత 0.30 అనే వస్తుంది. గుంట లోతు ఆ లెక్కలోకి రాదు. ఇంజిన్ తిరిగేటప్పుడు మాత్రం కాడ గుంటలోనికే వెళ్లి కొట్టుకుంటుంది.

దీనిని తేల్చడానికి 0.01 మిల్లీమీటరు వరకు చదవగల డయల్ గేజి, అయస్కాంతపు స్టాండు చాలు. ఇంజిన్ ఆపి, చల్లారిన తరువాత, పరీక్షించే వాల్వు పూర్తిగా మూసుకొని ఉండేటట్లు క్రాంకును తిప్పి నిలపాలి. డయల్ గేజి సూదిని రాకర్ ఆర్ము వీపున, సరిగ్గా వాల్వు కాడకు పైన ఆనించాలి. ఆర్ము మధ్య భాగాన్ని పైకి, షాఫ్టుకు ఆనేటట్లు ఎత్తిపట్టి, ముక్కును ఒకసారి కాడ మీదికి, మరొకసారి పైకి ఊపి చూడాలి. సూది కదిలిన మేరకు ఉన్నదే నిజమైన సందు. ఆ ట్రాక్టరులో అయిదు వాల్వులకు డయల్ గేజి, ఫీలర్ గేజి కొలతలు దాదాపు కలిశాయి. రెండవ సిలిండరు ఎగ్జాస్ట్ దగ్గర ఫీలర్ గేజి 0.30 చెప్పగా డయల్ గేజి 0.46 చూపింది. తేడా 0.16 మిల్లీమీటర్లు. ఆర్మును విప్పి ముక్కును తిప్పి చూస్తే గోరు తట్టుకునేంత గుంట కనిపించింది. ముక్కు కిందివైపు తిరిగి ఉంటుంది కనుక ఆర్మును విప్పకుండా ఇది కంటికి కనిపించదు. మూడుసార్లూ కనిపించకపోవడంలో వింత లేదు.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని వాల్వులు తెరుచుకొని ఉండడం వల్ల రాకర్ షాఫ్టుపై స్ప్రింగుల బలం ఉంటుంది. ఒక బోల్టును పూర్తిగా విప్పి తరువాతి దానికి వెళ్తే షాఫ్టు వంగవచ్చు. అన్ని బోల్టులనూ కొద్దికొద్దిగా, వరుసగా వదులు చేయాలి. పుష్‌రాడ్లను రంధ్రాలు చేసిన అట్టలో వరుస తప్పకుండా గుచ్చి ఉంచితే ఏది ఎక్కడిదో మరచిపోయే ప్రమాదం ఉండదు. గాజు పలకపై దొర్లిస్తే వంగిన పుష్‌రాడ్డు కూడా వెంటనే తెలిసిపోతుంది.

అరుగుదల గుర్తులను చదవడం

విప్పిన ఆర్మును తుడిచి, వెలుతురులో భూతద్దంతో చూడడానికి ఒక అరగంట కేటాయించడం వృథా కాదు. ముక్కుపై సమానమైన మెరుపుతో సన్నని పట్టీ ఉంటే అది సహజమైన అరుగుదల. ఆ పట్టీ ఒక పక్కకే ఉంటే ఆర్ము మెలిపడి ఉండాలి, లేదా వాల్వు గైడు అరిగి కాడ వాలుతూ ఉండాలి. సూదిమొన వంటి చిన్న గుంటలు చాలా కనిపిస్తే, ఒత్తిడి పదేపదే పడి ఉపరితలం అలసిపోయి పెచ్చులూడుతున్నదని గ్రహించాలి. లోహం చీరుకుపోయి పూసినట్లు ఉంటే నూనె కరువు. నీలి రంగు తిరిగితే వేడి. అయితే ఈ నీలి రంగుకు ఇంకొక కారణం కూడా ఉంది. గుంట పడిన ముక్కును సానరాయిపై చేత్తో పట్టి నునుపు చేసే అలవాటు మన పల్లె వర్క్‌షాపుల్లో ఉంది. అలా సాన పట్టినప్పుడు ముక్కు వంపు పోతుంది. వేడికి గట్టిదనం కూడా పోతుంది. గట్టిపరచిన పొర మందం చాలా వాటిలో ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మాత్రమే కనుక సాన ఆ పొరను దాటి మెత్తని లోహానికి చేరడానికి ఎంతో సేపు పట్టదు. ఆ ఆర్ము కొన్నాళ్లు మోత చేయదు. తరువాత మునుపటి కన్నా వేగంగా అరుగుతుంది.

బుష్షునూ షాఫ్టునూ చూడవలసిన చోటు కింది భాగం. పుష్‌రాడ్డు, వాల్వు స్ప్రింగు రెండూ ఆర్మును పైకే నెడతాయి. అందువల్ల షాఫ్టు అడుగు భాగం, బుష్షు రంధ్రపు కింది అర్ధభాగం అరుగుతాయి. షాఫ్టు పైభాగం అద్దంలాగా ఉన్నదని తృప్తి పడరాదు. వేలితో అడుగున తడిమితే మెట్టు తగులుతుందేమో చూడాలి. మైక్రోమీటరుతో అరిగిన చోట, అరగని చోట కొలిచి తేడా తీయాలి. అనుమతించే హద్దును ఆ ఇంజిన్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి, వేరొక ఇంజిన్ అంకెను దీనికి అన్వయించరాదు.

రాకర్ షాఫ్టుకు నూనె సిలిండరు బ్లాకు నుంచి హెడ్ గుండా సన్నని మార్గంలో పైకి వస్తుంది. పంపు నుంచి ఇంత దూరంలో ఉన్న చోటుకు నూనె ఆలస్యంగా అందుతుంది. మార్గంలో మడ్డి పేరుకుంటే ముందుగా ఎండిపోయేదీ ఇదే. నూరుస్తున్నప్పుడు, పొడి దుక్కుల్లో రోటవేటరు నడిపేటప్పుడు లేచే దుమ్ము ఎయిర్ క్లీనరును దాటితే నూనెలో చేరి బుష్షులో సాన పొడిలాగా పనిచేస్తుంది. చాలా ట్రాక్టర్లకు సుమారు 250 గంటలకు ఒకసారి ఇంజిన్ నూనె మార్చాలని మాన్యువళ్లు చెబుతాయి. దమ్ముల్లో రాత్రింబవళ్లు నడిచే బండికి ఆ గంటలు పక్షం రోజుల్లోనే నిండవచ్చు. నెలల లెక్కన నూనె మార్చే రైతుకు ఈ సంగతి చెప్పవలసి ఉంటుంది. కవరు తీసి, డీజిల్ సరఫరా ఆపి, స్టార్టరుతో ఇంజిన్‌ను తిప్పితే ప్రతి ఆర్ము దగ్గరా నూనె ఊరుతున్నదీ లేనిదీ కళ్లారా చూడవచ్చు.

లిఫ్టు కొలత: లోపం ఎక్కడ ఉన్నదో తేల్చే పరీక్ష

సందు తేడా తెలిసింది. కానీ దోషం రాకర్ ఆర్ముదేనా, దాని కింద ఉన్న క్యామ్‌దా అన్నది ఇంకా తేలలేదు. డయల్ గేజి సూదిని వాల్వు స్ప్రింగు పై పళ్లెంపై ఆనించి, క్రాంకును చేత్తో తిప్పుతూ ప్రతి వాల్వు లిఫ్టును కొలవాలి. ఇన్‌లెట్‌ను ఇన్‌లెట్‌తో, ఎగ్జాస్ట్‌ను ఎగ్జాస్ట్‌తోనే పోల్చాలి. మన ట్రాక్టరులో మూడు ఎగ్జాస్ట్ వాల్వుల లిఫ్టు వరుసగా 9.48, 9.33, 9.49 మిల్లీమీటర్లు వచ్చింది. రెండవ దానిలో లోటు దాదాపు గుంట లోతుతో సమానం. అంటే క్యామ్ బాగుంది, ముక్కు మాత్రమే అరిగింది.

అంకెలు ఇంత చక్కగా కలవనప్పుడు ఆర్ములను తారుమారు చేసి చూడాలి. అనుమానం ఉన్న ఆర్మును మరొక సిలిండరులోని అదే రకం వాల్వుకు మార్చి, సందు తిరిగి సరిచేసి, లిఫ్టు కొలవాలి. లోటు ఆర్ముతో పాటు కొత్త చోటికి వెళ్తే దోషం ఆర్ముది. పాత చోటనే ఉండిపోతే క్యామ్‌ను, ట్యాపెట్‌ను, పుష్‌రాడ్డును చూడాలి. హెడ్ దించకుండా, ఒక పూటలో, ఖర్చు లేకుండా తేలిపోయే విషయమిది. పరీక్ష ముగిశాక దేని చోట దానిని తిరిగి అమర్చాలి. కలిసి అరిగిన జతలను విడదీయరాదు.

కొత్త ఆర్ము తెచ్చిన చిక్కు

రైతు ఆ సాయంత్రమే బజారు నుంచి కొత్త ఆర్ము తెచ్చారు. బిగించి సందు 0.30కి సరిచేయగానే మోత పోయింది. ఆయన సంతోషించారు. అలవాటు కొద్దీ లిఫ్టు కొలిచి చూస్తే 9.22 వచ్చింది. అరిగిపోయిన పాత ఆర్ముతో వచ్చిన దాని కన్నా తక్కువ.

కొత్త ఆర్మును విప్పి పాత దాని పక్కన పెట్టి కొలిచాము. షాఫ్టు రంధ్రంలో ఒకటి, స్క్రూ రంధ్రంలో ఒకటి సరిపోయే ఇనుప కడ్డీలు దూర్చి, వాటి బయటి అంచుల మధ్య దూరాన్ని వెర్నియరుతో కొలిచి, రెండు కడ్డీల అర్ధవ్యాసాలను తీసివేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. పాత ఆర్ములో అది 30.0 మిల్లీమీటర్లు, కొత్త దానిలో 30.5. మొత్తం పొడవులో మార్పు లేదు. షాఫ్టు రంధ్రమే అర మిల్లీమీటరు ముక్కు వైపుకు జరిగి పడింది. పాత ఆర్ములో నిష్పత్తి 42ను 30తో భాగించగా 1.40. కొత్త దానిలో 41.5ను 30.5తో భాగించగా 1.36. క్యామ్ ఎత్తు 7 మిల్లీమీటర్లు కనుక, సందు తీసివేసిన తరువాత ఒకదానికి 9.50, మరొకదానికి సుమారు 9.22 రావాలి. గేజి చూపిన అంకె లెక్కకు సరిపోయింది.

పావు మిల్లీమీటరు లోటు వల్ల ట్రాక్టరు లాగే శక్తిలో రైతు గమనించగలిగేంత తేడా వస్తుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయితే రంధ్రం జరిగితే ముక్కు కాడను తాకే చోటు కూడా జరుగుతుంది. కాడ మధ్యలో పడవలసిన ఒత్తిడి అంచు వైపు పడి, కాడను పక్కకు నెట్టి, గైడును కోలగా అరగదీస్తుంది. కాడ కొనకు నీలి మార్కింగు రంగు పలుచగా పూసి, ఇంజిన్‌ను రెండు చుట్లు తిప్పి చూస్తే తాకిన గీత ఎక్కడ పడుతున్నదో తెలుస్తుంది. రంధ్రం స్థానంలో ఇంత తేడా రానిచ్చిన చోట మిగిలిన పనులు కూడా అంతే శ్రద్ధగా జరిగి ఉంటాయని నమ్మలేము. అందుకే గట్టిదనం కూడా పరీక్షించాము. గట్టిపరచిన ఉక్కుపై సన్నపళ్ల ఆకురాయి జారిపోతుంది; మెత్తని దానిపై పట్టుకొని గీస్తుంది. ముక్కు పని చేసే చోటును పాడుచేయకుండా పక్క అంచున, పాత మంచి ఆర్ముపై కూడా అదే చోట గీసి పోల్చాలి. పాత దానిపై ఆకురాయి జారింది. కొత్త దానిపై పట్టింది. ఆ రైతుకు దక్కిన నిశ్శబ్దం ఒక పంటకాలం దాటేది కాదు.

ఇటువంటి తేడాలకు కారణాలు తయారీలోనే ఉన్నాయి. పోత లేదా ఫోర్జింగు ముక్కను రంధ్రం వేసే యంత్రంలో పట్టి ఉంచే బిగింపు అరిగితే రంధ్రం జరుగుతుంది, లేదా ముక్కుకు మెలితిరిగి పడుతుంది. ముక్కును విద్యుత్ ప్రేరణతో వేడిచేసి గట్టిపరచేటప్పుడు తీగచుట్ట ఒక పక్కకు ఉంటే ఒక పక్కే గట్టిపడుతుంది. గ్రైండింగులో వేడి ఎక్కితే పైపొర తిరిగి మెత్తబడుతుంది. బుష్షును నూనె రంధ్రానికి ఎదురుగా కాక పక్కకు తిప్పి నొక్కితే నూనె దారి మూసుకుపోతుంది. పై నుంచి చూస్తే ఆర్ములో లోపమేదీ కనిపించదు. సన్నని తీగను నూనె రంధ్రంలో దూర్చి షాఫ్టు రంధ్రంలోకి వస్తున్నదో లేదో చూడడం అర నిమిషం పని.

దుకాణంలోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. పాత మంచి షాఫ్టును వెంట తీసుకువెళ్లి, అదే రకం కొత్త ఆర్ములను నాలుగైదింటిని దానిపై వరుసగా ఎక్కించి, ముక్కులన్నింటినీ గాజు పలకపై ఆనించాలి. మెలిపడిన ముక్కు కింద ఒక పక్క నుంచి వెలుతురు కనిపిస్తుంది. స్క్రూ రంధ్రాలన్నీ ఒకే వరుసలో కనిపించకపోతే, వరుస తప్పిన దానిని పక్కన పెట్టాలి. మా రైతు మరునాడు ఈ విధంగానే చూసి ఇంకొక ఆర్మును ఎంచుకొని వచ్చారు. దానితో లిఫ్టు 9.50 వచ్చింది, ఆకురాయి జారింది.

మోత లేకపోవడం కూడా లక్షణమే

రైతులు మోతకు భయపడతారు కానీ మోత తగ్గితే భయపడరు. రాకర్ ఆర్ము, క్యామ్, పుష్‌రాడ్డు అరిగితే సందు పెరుగుతుంది. మోత వస్తుంది, వాల్వు ఆలస్యంగా తెరుచుకొని త్వరగా మూసుకుంటుంది. వాల్వు సీటు అరిగితే వాల్వు పైకి జరిగి సందు తగ్గుతుంది. ఇంజిన్ నిశ్శబ్దంగా ఉంటుంది. సందు పూర్తిగా పోతే వాల్వు సీటుపై గట్టిగా కూర్చోదు, తన వేడిని సీటుకు అందించలేదు. ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలిపోతుంది. ఒకే ఇంజిన్‌లో ఈ రెండు అరుగుదలలూ ఏకకాలంలో జరిగి ఒకదానినొకటి కప్పిపుచ్చవచ్చు కూడా.

ఈ కారణం చేతనే సందును సరిచేయడానికి ముందు ఉన్న కొలతను రాసి ఉంచాలని మా సూచన. మన దగ్గర మెకానిక్ స్క్రూ తిప్పి సరిచేసిన తరువాతి అంకెనే చెబుతారు. అది ఎప్పుడూ మాన్యువల్ అంకెగానే ఉంటుంది, దాని వల్ల తెలిసేదేమీ లేదు. తిప్పక ముందు 0.30 బదులు 0.38 ఉందా, 0.21 ఉందా అన్నదే అసలు సమాచారం. గంటల మీటరు అంకె, వాల్వు వారీగా ముందున్న సందు, వీలైతే లిఫ్టు, ఈ మూడూ ఒక అట్టముక్కపై రాసి టూల్‌బాక్సులో ఉంచితే రెండు మూడు పంటకాలాల్లో ఆ ఇంజిన్ ఎటు అరుగుతున్నదో కనిపిస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ యంత్రాల పరీక్షలో ఇంజిన్‌ను విప్పి భాగాల కొలతలను అనుమతించే హద్దులతో పోల్చి నివేదికలో ఇస్తుంది. ఆ పట్టికలను ఒకసారి చదివిన విద్యార్థికి, కొలిచి రాయడం అంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు.

కళాశాల వర్క్‌షాపుల్లో పక్కన పడేసిన ఆర్ములు కూడా పాఠానికి పనికివస్తాయి. ముక్కును అడ్డంగా కోసి, నునుపు చేసి, ఆల్కహాలులో కొద్దిపాటి నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రావణంతో తుడిస్తే గట్టిపరచిన పొర రంగు తేడాతో స్పష్టంగా బయటపడుతుంది. రాక్‌వెల్ సి కొలమానంపై ముక్కు గట్టిదనం సాధారణంగా సుమారు 50 నుంచి 60 మధ్య ఉంటుంది. అంచు నుంచి లోపలికి వెళ్తున్న కొద్దీ అది ఎక్కడ పడిపోతున్నదో గుర్తించవచ్చు. రైతు తిరిగి ఇచ్చిన ఆ కొత్త ఆర్మును దుకాణదారు మార్చుకున్నారు కనుక దానిని కోసి చూసే అవకాశం మాకు కలగలేదు. పాత ఆర్ము మాత్రం మా దగ్గరే ఉంది. కోసి చూస్తే గుంట అడుగు వరకు గట్టి పొర పలుచగా మిగిలే ఉంది. అది తయారీ లోపంతో కాక, నూనె అందక అరిగిన ఆర్ము. బుష్షు నూనె రంధ్రంలో గట్టిపడిన మడ్డిని సూదితో తవ్వి తీయవలసి వచ్చింది.

ట్రాక్టరు టూల్‌బాక్సులోని అట్టపై ఆ తరువాత వరి కోతలు ముగిశాక రాసిన వరుస ఒకటి ఉంది. రెండవ సిలిండరు ఎగ్జాస్ట్, సరిచేయక ముందు: ఫీలర్ గేజి 0.31, డయల్ గేజి 0.32.